బచ్చలి నీళ్ళకు రెండో పని

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన ఇంజనీర్లు కలిసినప్పుడు నన్ను ముందుగా అడిగేది ఫిల్టరు గురించే. కంకర ఎంత మందం వేయాలి, ఇసుక ఏ సైజుది కావాలి, పంపు ఎంత ఉండాలి అని. అవన్నీ పుస్తకాల్లో ఉన్నాయి. ఒక పూట కుదురుగా కూర్చుంటే ఎవరికైనా వస్తాయి. పుస్తకాల్లో లేనివి కొన్ని నేను దెబ్బలు తిని నేర్చుకున్నాను. అవి రాస్తాను.

నా పని ఏమిటో ముందు చెప్పాలి. స్నానం చేసిన నీళ్ళు, బట్టలుతికిన నీళ్ళు, చేతులు కడుక్కున్న నీళ్ళు, వీటిని మా వైపు బచ్చలి నీళ్ళు అంటాం; బచ్చలి అంటే స్నానాల గది, ఆకుకూర కాదు. వాటిని కాలవలో కలవనీయకుండా పట్టి, జాలీతో వడగట్టి, కంకర, ఇసుక తొట్లలో నడిపించి, మళ్ళీ మరుగుదొడ్ల ఫ్లష్‌కీ చెట్లకీ ఎక్కించడం నా పని. మరుగుదొడ్డి నీళ్ళ జోలికి పోము. వాటి దారి వేరు. వినడానికి ఇంతే. కానీ ఒకసారి ఇంటి బయటికి పంపేసిన నీళ్ళను మళ్ళీ ఇంట్లోకి తెస్తున్నామన్న సంగతి ఒక్క రోజు కూడా మరిచిపోకూడదు. నేను ఒక రోజు మరిచిపోయాను. అది చివర్లో చెబుతాను.

రొద్దం దగ్గర పల్లెలో పుట్టి, అనంతపురంలో డిప్లొమా చదివి, హిందూపురంలో ఒక బిల్డింగు కన్సల్టెంటు దగ్గర చేరాను. ముప్పై ఏళ్ళకు పైగా హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మధ్యే తిరిగాను. నేను పెట్టించిన ఏర్పాట్లలో చాలావరకు ఈ రోజుకీ నడుస్తున్నాయి. ఈ మాట గర్వంగానే చెబుతున్నాను.

చెన్నప్పగారి బకెట్టు

నన్ను పనిలో పెట్టుకున్న పెద్ద ఇంజనీరు పేరు చెన్నప్ప. పొట్టి మనిషి, పెద్ద గొంతు. చేరిన రెండో నెలలో ఒక మూడంతస్తుల ఇంటి పైపుల డ్రాయింగు గీసి చూపించాను. కట్టడం అయిపోయి, సున్నాలు వేస్తున్న ఇల్లు అది. ఆయన బాత్‌రూము పైపు మీద వేలు పెట్టారు.

"ఏమబ్బా, ఈ నీళ్ళు యాడికి పోతాయి?"

"బయట డ్రైనులోకి సార్."

"నువ్వు చూసినావా?"

"డ్రాయింగులో ఉంది సార్."

"డ్రాయింగులో అయితే నేను గంగమ్మనే తెప్పిస్తా. ఒక బకెట్టు తీసుకోని పో. పైన పోసి, కింద నిలబడు. నీళ్ళు బయటికి వచ్చినాకనే ఆఫీసుకు రా."

పోయాను. పై అంతస్తు బాత్‌రూములో బకెట్టు నీళ్ళు పోసి, మెట్లన్నీ దిగి కింద నిలబడ్డాను. రాలేదు. మళ్ళీ ఎక్కి పోశాను. పన్నెండో బకెట్టుకు కింది గదిలో కొత్తగా సున్నం వేసిన గోడ మీద చాప వెడల్పున తడి మరక తేలింది. పైపు మూతికి మూత పెట్టకుండానే మేస్త్రీ దాని మీద సిమెంటు పూసేశాడు, అది లోపలే గడ్డకట్టింది. బయటికి దారే లేదు.

ఆ రోజు నుంచి నేను నీళ్ళు పోసి చూడకుండా ఏ పైపునూ నమ్మలేదు. ఒక్కసారి తప్ప.

చెన్నప్పగారు ప్రతి విషయంలోనూ గొప్పవారని చెప్పను. బచ్చలి నీళ్ళు మళ్ళీ వాడదామని నేను మొదట అన్నప్పుడు ఆయన నవ్వారు. "వాడేసిన నీళ్ళు మళ్ళీ ఇంట్లోకి ఎక్కిస్తావా? జనం చెప్పు తీసుకుంటారు పో" అన్నారు. నాలుగైదేళ్ళు ఆ ఊసే ఎత్తనీయలేదు. బోర్లు వరసగా ఎండిపోవడం మొదలయ్యాక కూడా ఇంకా లోతుకు వేయించమనే చెప్పేవారు. మంచి గురువు కూడా తనకు అలవాటైన దారి దాటి చూడలేడు. కుర్రవాళ్ళు ఆయన పద్ధతి నేర్చుకోండి, ఆయన భయాలు నేర్చుకోవద్దు.

పెనుకొండ హాస్టలు

మొదటి అవకాశం పెనుకొండలో ఒక ఆడపిల్లల హాస్టలు వల్ల వచ్చింది. బోరు ఎండిపోయింది. ట్యాంకరు రోజుకొకటి వచ్చేది, అది వంటకూ స్నానాలకూ సరిపోయేది. మరుగుదొడ్లలో పోయడానికి నీళ్ళుండేవి కావు. వార్డెను సరళగారు నన్ను పిలిచి, పిల్లల్లో ఇద్దరు ప్రార్థన వరసలో కళ్ళు తిరిగి పడిపోయారని చెప్పారు. నాకు దానికీ పైపులకూ సంబంధం అర్థం కాలేదు. వంటమనిషి ఈరమ్మ చెప్పింది.

"నీళ్ళు తాగితే పోవాల్సొస్తాది గదా సారూ. ఆడికి పోలేక పిల్లోళ్ళు తాగేదే మానేసినారు."

ఆ మాటతో నేను కూర్చున్న చోటు నుంచి లేచాను. అవతల స్నానాల గదుల వెనక గుంతలో సబ్బు నీళ్ళు మడుగు కట్టి ఉన్నాయి. పొద్దున్నే అందరూ స్నానం చేసి వదిలిన నీళ్ళు. పిల్లలకు కావలసిన నీళ్ళు పదిహేను అడుగుల దూరంలోనే ఉన్నాయి.

పిల్లల సంగతి విని చెన్నప్పగారు ఈసారి కాదనలేదు. నెల తిరక్కుండా ఏర్పాటు చేశాం. జాలీ, కంకర తొట్టి, ఇసుక తొట్టి, దాని అవతల పెద్ద సిమెంటు ట్యాంకు, అక్కడి నుంచి పైకి పంపు. మొదటి వారం బ్రహ్మాండంగా నడిచింది. తరువాత మూడు రోజులు పండగ సెలవులు వచ్చాయి. పిల్లలు ఇళ్ళకు పోయి తిరిగొచ్చి ఫ్లష్ నొక్కగానే హాస్టలంతా కంపు. పిల్లలు ముక్కులు మూసుకుని బయటికి పరుగెత్తారు. సరళగారు ఫోనులో, "సార్, ఇంతకు ముందు నీళ్ళు లేవని బాధ. ఇప్పుడు ఉన్నాయని బాధ" అన్నారు.

నేను పోయి ఇసుక మార్పించాను, బ్లీచింగు పొడి చల్లించాను. రెండు రోజులు తగ్గింది, మూడో రోజు మళ్ళీ మొదలైంది. తలపట్టుకుని వంటింటి గుమ్మం దగ్గర కూర్చుంటే ఈరమ్మ మజ్జిగ తెచ్చిచ్చింది.

"ఆ తొట్టి అంత పెద్దది ఎందుకు కట్టినారు సారూ?"

"ఎక్కువ నీళ్ళు నిలవ ఉంటాయని."

"బియ్యం కడిగిన నీళ్ళు మూడునాళ్ళు కుండలో పెడితే ఏమైతాది? నేనైతే ఏ పూటవి ఆ పూట బర్రెకు పోసేస్తా. నిలవ పెట్టుకునేది మంచినీళ్ళు సారూ, ఇవి కాదు."

చదువుకున్న నాకు ట్యాంకు ఎంత పెద్దదైతే అంత మంచిదనే తెలుసు. బచ్చలి నీళ్ళు నిలవ ఉంటే కుళ్ళుతాయని పుస్తకంలో ఒక వాక్యం ఉండే ఉంటుంది. నేను దాటేసి ఉంటాను. మరునాడే ట్యాంకులో అడ్డుగోడ కట్టించి పావు వంతు మాత్రం ఉంచాను. ఏ రోజు నీళ్ళు ఆ రోజే అయిపోవాలి. మిగిలితే వాటంతటవే పొర్లి, పక్కన నాటించిన మెట్టతామర పాదుల్లోకి పోవాలి. సెలవులకు ముందు పూర్తిగా ఖాళీ చేయాలి. కంపు పోయింది, మళ్ళీ రాలేదు.

నెల తరువాత పోతే ఈరమ్మ నన్ను భోజనాల గదిలోకి తీసుకుపోయి రెండు తాగునీటి కాగులు చూపించింది. "ముందు ఇవి సాయంత్రానికి అట్లనే మిగిలేవి. ఇప్పుడు మధ్యాన్నానికే మళ్ళా నింపుతాండా" అంది. నా ఉద్యోగంలో నాకు దొరికిన మెప్పులన్నింటిలో అదే పెద్దది.

ధర్మవరంలో గులాబీ రంగు

ధర్మవరంలో ఒక పట్టు నేత కుటుంబం మూడంతస్తుల ఇల్లు కట్టుకుంది. యజమాని పేరు రామాంజనేయులు. కింద మగ్గాలు, వాళ్ళ కాపురం. పైన అద్దెకు. అప్పటికి నాకు బాగా చెయ్యి తిరిగింది. ఇంట్లో ఎంతమంది, రోజుకు ఎన్ని స్నానాలు, బట్టలు ఎన్నిసార్లు ఉతుకుతారు, అన్నీ అడిగి రాసుకున్నాను. ఏర్పాటు చేసి వచ్చాను.

పదిరోజులకు పై అంతస్తు ఆవిడ ఫోను. "సార్, మా ఇంట్లో ఫ్లష్ నొక్కితే గులాబీ రంగు నీళ్ళొస్తాండాయి. మా అత్త దండం పెడతాంది."

పోయేసరికి పెరట్లో మెట్టతామర ఆకులు మాడిపోయి ఉన్నాయి. రామాంజనేయులు నన్ను చూసి తప్పు చేసినవాడిలా నిలబడ్డాడు.

"మా బామ్మర్ది అద్దకం నేర్చుకున్నాడు సార్. వారానికోతూరి ఈడనే పట్టుకు రంగు అద్దుతాడు. మిగిలిన ఉడుకు నీళ్ళు జాలీలో పోసినాడంట."

"నాకు ముందే చెప్పాల్సింది కదయ్యా."

"మీరు స్నానాలు అడిగినారు, చెప్పినాం. ఇండ్లలో ఇంకేమేం చేస్తారని అడగలేదు గదా సార్."

నిజమే. ధర్మవరంలో ఇల్లంటే కాపురమే కాదు, పని కూడా అని తెలిసి కూడా అడగలేదు. రంగు నీళ్ళు, మందు కలిపిన నీళ్ళు బచ్చలి నీళ్ళ కింద లెక్క కాదు. వాటికి వేరే గుంత తవ్వించాను. అక్కడి నుంచి ఎవరింటికి పోయినా నా మొదటి ప్రశ్న మారింది. "మీ ఇంట్లో ఏమేం పనులు చేస్తారు?" అని అడిగి, వాళ్ళు చెప్పేది ముగిసేదాకా కూర్చునేవాణ్ణి.

ఆ గులాబీ రంగు ఇంకో సంగతి కూడా బయటపెట్టింది. మెట్ల కింద గోడ మీద వేలెడు గులాబీ చార కనబడింది. అక్కడ పైపు జాయింటు కారుతోంది. మామూలు నీళ్ళయితే ఏడాది దాకా తెలిసేది కాదు. హిందూపురం వచ్చి ఈ కథ చెబితే చెన్నప్పగారు పగలబడి నవ్వి, తరువాత గంభీరంగా ఒక నియమం పెట్టారు. ఇక మీదట ఏ భవనమైనా అప్పగించే ముందు ఫ్లష్ ట్యాంకులో మిఠాయిల్లో వేసే రంగు కలపాలి. మంచినీళ్ళ కుళాయిలన్నీ విప్పి తెల్ల గిన్నెలో పట్టి చూడాలి. ఏ ఒక్కదాంట్లో రంగు కనబడినా సంతకం పెట్టకూడదు.

నేను చేసిన తప్పు

చెన్నప్పగారు పోయాక ఆఫీసు నేనే చూసుకున్నాను. హిందూపురంలో ఇరవై నాలుగు ఫ్లాట్ల భవనం ఒకటి వచ్చింది. అప్పగించాల్సిన రోజుల్లో మంచి ముహూర్తాలున్నాయని వరసగా గృహప్రవేశాలు పెట్టుకున్నారు. రంగు పరీక్ష చేయాలంటే ఒక పూట నీళ్ళు ఆపాలి. అందరి ఇళ్ళలోనూ పాలు పొంగిస్తున్నారు, చుట్టాలు దిగి ఉన్నారు. "ముందు సంతకం పెట్టండి సార్, వచ్చే వారం పరీక్ష చేసుకుందాం" అన్నాడు బిల్డరు. పెట్టాను. వచ్చే వారం ఇంకో పని వచ్చింది.

పది రోజుల తరువాత ఏదో చిన్న పనికి అక్కడికి పోతే, మూల వరస కింది ఇంట్లోంచి ఒక పెద్దావిడ నన్ను పిలిచింది. పేరు నారాయణమ్మ. కనగానపల్లిలో సేద్యం చేసిన మనిషి, కూతురు సుజాత దగ్గర ఉంటోంది. సుజాత బడిలో టీచరు. ఐదేళ్ళ మనవరాలు హర్షిత.

"ఏమప్పా, ఈ పైపుల పని నీదేనంట గదా. వంటింటి నీళ్ళు సబ్బు వాసన వస్తాండాయి."

కుళాయి విప్పి దోసిట్లో పట్టి చూశాను. ఏ వాసనా లేదు.

"కొత్త పైపులమ్మా. అతికించే బంక వాసన పది రోజులుంటుంది."

"ఇప్పుడు కాదప్పా, మధ్యాన్నం పూట చూడు. పైపు వాసన నాకు తెల్దు గానీ, సబ్బు వాసన తెల్దా?"

అప్పుడు పదకొండు గంటలు. ఇంకో రెండు గంటలు ఉండి చూడాల్సింది. తల ఊపి వచ్చేశాను.

నాలుగో రోజు సుజాత ఫోను చేసింది. ఏడుపు లేదు, అరుపు లేదు. "సార్, మా పాపకు నిన్నటి నుంచి వాంతులు, విరేచనాలు. ఆసుపత్రిలో సెలైను ఎక్కిస్తాండారు. పైన ఇంకో ఇద్దరు పిల్లలకు కూడా అంతే. డాక్టరు నీళ్ళు ఎట్లున్నాయని అడుగుతాండాడు. ఏం చెప్పాలో మీరే చెప్పండి."

బండి ఎలా నడిపానో గుర్తులేదు. ముందు మేడ ఎక్కి ఫ్లష్ పంపు ఆపేశాను. మంచినీళ్ళ ట్యాంకు, ఫ్లష్ ట్యాంకు పక్కపక్కనే ఉన్నాయి. వాటి మధ్య పైపు చూడగానే తప్పు ఎక్కడుందో తెలిసింది.

బచ్చలి నీళ్ళు చాలనప్పుడు ఫ్లష్ ట్యాంకులోకి మంచినీళ్ళు వదలాలి. ఆ మంచినీళ్ళ పైపు ట్యాంకులోని నీళ్ళను తాకకూడదు. జానెడు ఎత్తు నుంచి గాలిలో ధారగా పడాలి. అప్పుడే కింది నీళ్ళు వెనక్కి ఎక్కడానికి వీలుండదు. ఇక్కడ రెండు ట్యాంకులనూ నేరుగా పైపుతో కలిపేసి మధ్యలో ఒక వాల్వు పెట్టి ఉంది. ఆ వాల్వులో ఇసుక పలుకు ఇరుక్కుని పూర్తిగా మూసుకోలేదు. పొద్దున మంచినీళ్ళ ట్యాంకు నిండుగా ఉంటుంది కాబట్టి ఏమీ కాదు. మధ్యాహ్నానికి అది తగ్గగానే ఇవతలి బచ్చలి నీళ్ళు అవతలికి పోయి, ఆ పైపు పక్కనే దిగే మూల వరస ఇళ్ళ కుళాయిల్లోకి దిగుతున్నాయి. పెద్దావిడ చెప్పింది చెప్పినట్టే జరుగుతోంది.

ఆ జాయింటు వేసిన ప్లంబరు ఓబులేసు. నాతో పదేళ్ళు పనిచేసినవాడు. వాడు నాకు ఫోను చేసి అడిగిన మాట అప్పుడు గుర్తొచ్చింది. "సార్, ఈడ పైనుంచి వదిలేదానికి ఎత్తు చాలదు. తాత్కాలికంగా వాల్వు పెట్టనా?" నేను ఇంకో చోట గొడవలో ఉండి, "పెట్టు, తరువాత చూస్తా" అన్నాను.

ఆసుపత్రికి పోయి డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన నన్నొకసారి చూసి, మందు మార్చి రాశారు. హర్షిత చేతికి సూది, పక్కన సుజాత. ఆమె నావైపు తిరగలేదు. వాళ్ళు తాగడానికి క్యాను నీళ్ళే తెప్పించుకునేవారు. కానీ బడి నుంచి వచ్చిన పిల్ల దాహమేసి వంటింటి కుళాయి తిప్పి గ్లాసు పట్టుకుని తాగేది. ఏ పిల్లయినా అంతే.

మర్నాడు భవనంలోని వాళ్ళందరినీ కింద కార్లు నిలిపేచోటికి పిలిపించారు. అంతకు ముందే బిల్డరు నన్ను పక్కకు పిలిచి, ప్లంబరు తప్పని చెబితే సరిపోతుందన్నాడు. ఓబులేసు అందరి ముందు తల దించుకుని నిలబడి ఉన్నాడు. ఎవరో వాణ్ణి పట్టుకుని గదమాయించారు కూడా. వాడు నా పేరు ఎత్తలేదు. ఎత్తి ఉంటే నాకు కొంచెం సులువుగా ఉండేదేమో.

"అతను నన్ను అడిగాడు. నేను పెట్టమన్నాను. పరీక్ష చేయకుండా సంతకం పెట్టింది నేను. నారాయణమ్మగారు ముందే చెబితే వినకుండా పోయిందీ నేనే" అన్నాను.

అందరూ ఒక్కసారే మాట్లాడారు. ఈ ఏర్పాటు మొత్తం పీకేయమన్నారు. నా మీద కేసు పెట్టాలన్నారు. వాళ్ళు అన్నదాంట్లో అన్యాయం ఏమీ లేదు. అప్పుడు నారాయణమ్మ కుర్చీలోంచి లేచింది.

"నీళ్ళేం తప్పు చేసినాయప్పా? కలిపినోళ్ళది తప్పు. మా కనగానపల్లిలో స్నానం నీళ్ళు టెంకాయ చెట్టుకు పోసేవాళ్ళం గానీ, తాగే కడవ పక్కన పెట్టేవాళ్ళం కాదు. ఇదంతా పీకేసి, ఎండాకాలం వస్తే ఏం చేస్తారు మీరు?" తరువాత నావైపు తిరిగింది. "నువ్వు సరిగ్గా చెయ్యి. చేసినాక మా ముందర పరీక్ష పెట్టు. అప్పుడు చెప్తాం, ఉంచాల్నా వద్దా అని."

మూడు రోజులు నేనూ ఓబులేసూ మేడ మీదే ఉన్నాం. కలిపిన పైపు కోసి పారేశాం. ఫ్లష్ ట్యాంకును దించి కింది దిమ్మె మీద పెట్టి, మంచినీళ్ళు జానెడు ఎత్తు నుంచి పడేలా చేశాం. మంచినీళ్ళ ట్యాంకు కడిగించి మందు వేయించాం. హర్షిత ఇంటికి వచ్చిన తరువాతే పరీక్ష పెట్టాను. ఫ్లష్ ట్యాంకులో ముదురు నీలం రంగు కలిపి, మంచినీళ్ళ ట్యాంకును కావాలనే అడుగుకు దించి, ఇరవై నాలుగు ఇళ్ళలోనూ ఎవరి కుళాయి వాళ్ళే విప్పుకుని పట్టి చూడమన్నాను. మరుగుదొడ్లలో నీలం. వంటిళ్ళలో ఎక్కడా లేదు. ఆ సాయంత్రం చేతులెత్తించి అడిగారు. ఏర్పాటును ఉంచేశారు. ఆ వేసవిలో ఆ వీధంతా ట్యాంకర్ల వెంట పరుగెత్తినప్పుడు ఈ భవనానికి సగం ట్యాంకర్లతోనే గడిచింది.

కుర్రవాళ్ళకు నేను చెప్పేది ఇదే. ఈ పనికి భయపడొద్దు. మన ఊళ్ళకు ఇది కావాలి, సరిగ్గా చేస్తే ఏళ్ళ తరబడి నిలుస్తుంది. భయపడాల్సింది "తరువాత చూస్తా" అనే మాటకు. ఎవరైనా నీళ్ళు వాసన వస్తున్నాయంటే, వాళ్ళు చెప్పిన వేళకు పోయి వాళ్ళ కుళాయి దగ్గర నిలబడండి. తప్పు మీదైతే మీ కింద పనిచేసేవాడి తల దించనీయకండి. ఓబులేసు ఆ తరువాత నాతో ఆరేళ్ళు చేశాడు. ఆ సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు. నేనే ఎత్తి క్షమించమంటే, "పోనీలే సార్" అని పానా తీసుకుని లేచిపోయాడు.

పదవీ విరమణ అయ్యాక కూడా ఆరు నెలలకోసారి ఆ భవనానికి పోతాను. రంగు కలుపుతాను, ప్రతి ఇంటికీ పోయి చూస్తాను. హర్షిత ఇప్పుడు తొమ్మిదో తరగతి. మొన్న పోయినప్పుడు సుజాతే కుళాయి విప్పింది. గిన్నె నిండాక కిటికీ వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసింది. నీళ్ళు తేటగా ఉన్నాయి.

"బాగుండాయి సార్. కాఫీ తాగి పోండి" అంది.

ఆ మాటకు నేను సంతోషిస్తుండగానే ఆమె ఆ నీళ్ళను కాగబెట్టే గిన్నెలో వంచి స్టవ్ మీద పెట్టింది. ఆ ఇంట్లో ఇన్నేళ్ళుగా పళ్ళు తోముకునే నీళ్ళు కూడా కాచి చల్లార్చినవే. అవసరం లేదమ్మా అని నేను ఏ రోజూ అనలేదు. కాఫీ తాగి, పై ఇంటి తలుపు తట్టాను.